కడచొక్కా

మా పెద్దమ్మకు కుట్టు దుకాణం ఉంది. బతికున్నవాళ్ళకూ కుడుతుంది గానీ, మా విచారణలో, అంటే మా చర్చి కిందున్న ఊళ్ళన్నిట్లో, ఆమెకు పేరు తెచ్చిపెట్టింది మాత్రం పోయినవాళ్ళే. ఎవరింట్లో మనిషి పోయినా చర్చిలో ఫాదర్ గారి కంటే ముందు ఆమెకే కబురు వెళ్తుంది. టేపు మెడలో వేసుకుని, కత్తెర సంచిలో పడేసుకుని బయల్దేరుతుంది. స్నానం చేయించి, కొలత తీసి, పూజ వేళకు చొక్కా కుట్టి తానే తొడుగుతుంది. అందుకే ఆమెను కడచొక్కా అమ్మ అంటారు. మొహం మీద అన్నా ఏమీ అనుకోదు. "మీ అందరి కొలతలూ నా దగ్గరున్నాయి, నాతో కాస్త మర్యాదగా ఉండండి" అని నవ్వేస్తుంది.

కడచొక్కా మామూలు చొక్కా కాదు. ముందు నుంచి చూస్తే కాలరు, జేబు, గుండీలు అన్నీ ఉంటాయి. వెనక మాత్రం మెడ నుంచి అంచు దాకా చీలిక. బిగుసుకుపోయిన చేతుల్ని మెలిపెట్టే పని లేకుండా ముందు నుంచి ఎక్కించి, వీపు కింద నాడాలు ముడేస్తుంది. కాజాలు కుట్టేది నేను. దుకాణంలో చేరిన కొత్తలో, ఎవరూ విప్పని చొక్కాకి కాజాలెందుకు, గుండీలు పైపైన కుట్టేస్తే పోదా అని అడిగాను. "వెళ్ళి దేవుడి ముందు నిలబడాలి. దొంగ గుండీలతో నిలబడమంటావా?" అంది.

తొడిగేటప్పుడు ఆమె నోరు ఊరుకోదు. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి, గుండీలు పైనుంచి కిందికి, చివర్న వేళ్ళ మధ్య జపమాల. ఆ వరస పొడుగునా పోయినవాళ్ళతో కబుర్లే. "చెయ్యి ఎత్తు బాబాయ్. ఆఁ, అలాగ. బతికినన్నాళ్ళూ పై గుండీ పెట్టుకున్న పాపాన పోలేదు, ఇవాళైనా పెద్దమనిషిలా కనపడు." ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఇల్లాలు కూడా ఆ మాటకు ఒక్కసారి నవ్వేది.

అలాంటి మనిషి ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో చచ్చిపోయాడు.

వీరమరణం అనాలని మాకు చెప్పారు. నేను అనను. నాకంటే చిన్నవాడు, నా చేతుల మీద పెరిగినవాడు. పెద్దమ్మకు చూపు ఆనక సూదిలోకి దారం ఎక్కకపోతే, ఎక్కించి పెట్టి పరిగెత్తేవాడు. పూజలో పీఠం దగ్గర గంట కొట్టే పని వాడిదే. ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా కొట్టి, ఫాదర్ గారి చేత కళ్ళెర్ర చేయించుకునేవాడు. పెద్ద లారీలు నడపడం నేర్పిస్తారని సైన్యంలో చేరాడు. అంతే. ఎవరి సరిహద్దు ఎక్కడుండాలని వాణ్ణి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఎక్కడుంటే నాకేంటి, లారీ తాళాలివ్వండి అనేవాడు.

కబురు వచ్చిన రోజు పెద్దమ్మ గొంతెత్తి ఏడవలేదు. దుకాణం తలుపు మూసి అరలోంచి తెల్లగుడ్డ తానొకటి దించింది. కొలతలు రాసుకునే అలవాటు ఆమెకు లేదు, అన్నీ తలలోనే. భుజం దగ్గర కాస్త పెంచి కత్తిరించింది. "కసరత్తులు చేయిస్తారటగా, విప్పారి ఉంటాడు" అంది. నేను కాజాలు కుడుతూ కూర్చున్నాను. కుట్టు వంకరపోతే నా చేతిలోంచి లాక్కుని విప్పి మళ్ళీ ఇచ్చింది.

శవపేటికను ఇంటికి తీసుకురాలేదు. నేరుగా చర్చికి తెచ్చి పీఠం ముందు దించారు. మూత చుట్టూ మరలు, మరల మీద లక్క ముద్రలు, అన్నిటి మీదా జెండా. దానితో వచ్చిన ఆఫీసరు మా తమ్ముడి కంటే పెద్ద వయసువాడేం కాదు. పెద్దమ్మ మడిచిన చొక్కాతో ఎదురెళ్ళి మూత తియ్యమంది.

"తెరవకూడదమ్మా. పైనుంచి ఆర్డరు. యూనిఫాం వేసే పంపించాం."

"అది మీరు వేసింది. నా కొడుక్కి నేను వెయ్యలేదు."

పెదనాన్న బస్సుల షెడ్డులో మెకానిక్కు. తుప్పు పట్టిన ఏ మరైనా ఆయన చేతిలో పడితే ఊడి రావలసిందే. ఆ మరల వైపు చూడలేక నేలచూపులు చూస్తూ, "వద్దే. ఏదో ఉండే మూసుంటారు" అన్నాడు.

"ఏముందో నాకు చెప్పమను" అంది పెద్దమ్మ.

ఫాదర్ గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "అమ్మా, ఆత్మకు బట్టలతో పని లేదు."

"మరి మీ నాన్నగారు పోయినప్పుడు నాకోసం బండి ఎందుకు పంపారు ఫాదర్?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయన్నని ఏం లాభం, అప్పటికే మంత్రిగారు వస్తున్నారని మైకు వాళ్ళు పీఠం దగ్గర వైర్లు లాగుతున్నారు. ముందు బెంచీలు ఆయన మనుషులకట, కన్నవాళ్ళు వెనక బెంచీలో సర్దుకోవాలట. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

మంత్రిగారు వచ్చారు. మంచి గుడ్డ, చెడ్డ కుట్టు. చేతులూపి మాట్లాడుతుంటే చంక కింద కుట్టు వదిలి కనబడుతోంది. మా తమ్ముణ్ణి ఆయన జన్మలో చూడలేదు గానీ, చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, వాడు చిన్నప్పటి నుంచీ దేశం గురించే కలవరించేవాడని చెప్పారు. వాడు కలవరించింది లారీల గురించి. తర్వాత పెద్దమ్మ వైపు చెయ్యి చాపి, "ఈ తల్లి ధన్యురాలు! కన్నబిడ్డను దేశానికి కానుకగా ఇచ్చింది!" అన్నారు.

"నేను ఇవ్వలేదు" అంది పెద్దమ్మ.

అరిచి చెప్పలేదు. దుకాణంలో బేరం కుదరదని చెప్పినట్టు చెప్పింది. లేచి, ముందు బెంచీలు దాటి, పెట్టె దగ్గరికి నడిచింది. మంత్రిగారు మైకు ముందు అలాగే ఉండిపోయారు. ఆమె చొక్కా విప్పి పెట్టె మీద, సరిగ్గా మనిషి పడుకుని ఉండేచోట పరిచింది. కాలరు సర్దింది. చొక్కా కుడి చేతిని రెండు వేళ్ళతో పట్టుకుంది.

"చెయ్యి ఎత్తు నాన్నా" అంది.

ఆమె కాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత నిటారుగా నిలబడి ఆ కుర్ర ఆఫీసరు వైపు తిరిగింది.

"నిన్ను మూత తియ్యమనను బాబూ. ఒక్క ముక్క చెప్పు చాలు. కుట్టేదాన్ని, నాకు తెలియాలి. ఈ చొక్కాకి చేతులు ఉంచాలా, తీసెయ్యాలా?"

మైకు తెరిచే ఉంది. ఆ ప్రశ్న బయట రోడ్డు దాకా వినిపించింది. మంత్రిగారు ఆఫీసరు వైపు వద్దన్నట్టు తలాడించడం నేను చూశాను. ఆఫీసరు కూడా చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎడమది ఉంచండమ్మా" అన్నాడు.

పెదనాన్న బెంచీలో ముందుకు వాలిపోయాడు. పెద్దమ్మ వాలలేదు. పీఠం మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి కత్తెర తీసి, చంక దగ్గర కుట్టు ఒక్కొక్కటే తెంపసాగింది. గుడ్డ చిరగకుండా, ఎప్పుడూ పని చేసినట్టే. మైకులో ఆ చప్పుడు తప్ప ఏమీ లేదు. కుడి చెయ్యి ఊడివచ్చాక అంచు మడిచి టాకాలు వేసింది. పోగులు వేలాడుతూ దేవుడి ముందు నిలబడకూడదు గదా. ఒంటిచేతి చొక్కాను మళ్ళీ పెట్టె మీద పరిచి, పైనుంచి కిందికి గుండీలు పెట్టింది. ఎడమ చేతి కొసన జపమాల ఉంచింది. జెండా మీద అలాంటివి పెట్టకూడదంటూ మంత్రిగారి మనిషి ఒకడు లేచాడు. ఆఫీసరు వాడి భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఫాదర్, పూజ మొదలుపెట్టండి" అంది పెద్దమ్మ.

మిగిలిన ఉపన్యాసం జేబులో పెట్టుకుని మంత్రిగారు వెళ్ళిపోయారు. వాళ్ళకు సిగ్గొచ్చిందనుకున్నాను. నా పిచ్చి గానీ.

మొన్న ఆయన ఆఫీసు నుంచి ఒకాయన దుకాణానికి వచ్చాడు. చౌరస్తాలో మా తమ్ముడి విగ్రహం పెడతారట. సెల్యూట్ చేస్తున్నట్టు ఉంటుందట. శిల్పికి కొలతలు కావాలట, తల్లి టైలరు గనక చెప్పగలదని పంపారట. పెద్దమ్మ మిషన్ ఆపి కూర్చోమంది. మెడ, ఛాతీ, భుజం, ఎడమ చెయ్యి, అన్నీ తడుముకోకుండా చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"కుడి చెయ్యి కూడా చెప్పండమ్మా. సెల్యూట్ దాంతోనే కదా."

పెద్దమ్మ లేచి, గోడ కొక్కేనికి వేలాడుతున్న తెల్లటి చొక్కా చెయ్యి తీసింది. ఆయన ఒళ్ళో పెట్టింది.

"ముందు దీంట్లో ఉండాల్సింది తెచ్చివ్వండి" అంది. "అప్పుడు కొలుచుకుందురు గాని."