అన్న బండికి రెండు కార్బురేటర్లు

అన్న మొదటి లాక్‌డౌన్ తర్వాతి వానాకాలంలో పోయాడు. పొద్దున పిలిచిన అంబులెన్సు వచ్చింది గానీ, వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మరుసటి ఎండాకాలం మేం వలసొచ్చి ఉంటున్న మరమగ్గాల పేట ఉధ్నాలో మళ్లీ జ్వరాలు మొదలైనప్పుడు నాకు ఒకటే భయం పట్టుకుంది. ఇంట్లో మిగిలింది నేనూ అమ్మా. అమ్మకు ముందునుంచే ఉబ్బసం. ఆమెకు ఊపిరి అందకపోతే దేనిమీద తీసుకుపోవాలి? జ్వరం అనగానే ఆటోవాళ్లు వెళ్లిపోతున్నారు. అంబులెన్సు నంబరు కలవడం లేదు.

ఇంట్లో ఉన్న బండి అన్నది. నేను పుట్టకముందు తయారైంది. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక కార్బురేటర్. అన్న దాన్ని తుక్కు దుకాణంలో కొని, ఆదివారాలన్నీ దానిమీదే గడిపేవాడు. ఆయన పోయాక వరండాలో గోనెపట్టా కింద ఉండిపోయింది. నేను పట్టా ఎత్తి కూడా చూడలేదు. ఆ భయమే లేకపోతే అప్పుడు కూడా ఎత్తేవాణ్ని కాదు.

మెకానిక్ షాపులు మూసి ఉన్నాయి. నేను తెలుగు బడిలో పాఠాలు చెప్పేవాణ్ని; బండి పని రాదు. ఫోన్లో వీడియోలు చూసి రెండు కార్బురేటర్లూ విప్పాను. కింది గిన్నెల్లో పెట్రోలు లేదు. అది ఆరిపోయి గోధుమరంగు జిగురుగా గట్టిపడింది. సాంచాల నుంచి, అంటే మరమగ్గాల నుంచి, గాలిలోకి లేచే నూగు ఆ జిగురుకు అంటుకుంది.

ఎదురింటి మామ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చుట్టం కాదు. కార్ఖానాలో అన్న పక్కనే సాంచాలు నడిపేవాడు, చాలా ఏళ్లు ఈ బండి వెనక సీటు మీదే కార్ఖానాకు వెళ్లాడు. కార్ఖానా మూతపడ్డాక ఆయనకు పొద్దు గడిచేది కాదు.

"ఏంది సారూ, బండికి పోస్టుమార్టం జేస్తున్నవా?"

"కడుగుతున్న మామా. జర దూరం కూసో."

"దూరమే గద. దగ్గరికొస్తే పాఠం జెప్తవని నాకు బుగులు."

కార్బురేటర్ లోపలి జెట్ అనేది ఇత్తడి మర. నడుమ వెంట్రుక దూరేంత రంధ్రం ఉంటుంది. పెట్రోలంతా అందులోంచే పోవాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై చెడిపోతుంది. పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టాలి. గాలి కొట్టే షాపు తెరిచి లేదు. కుడిది నానాక తెరుచుకుంది. ఎడమది తెరుచుకోలేదు. వెలుతురుకు పట్టి చూస్తే ఏమీ కనబడలేదు.

మామ చెయ్యి చాపాడు, ఇచ్చాను. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, జెట్‌ను పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

సాంచా నడిపేవాళ్ల అలవాటు అది. పోగును అటూ ఇటూ మోసే నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా, నాడె పక్కనున్న చిన్న కన్నుకు నోరు ఆనించి పీలుస్తారు. లోపలి పోగు కొస బయటికి వస్తుంది. షిఫ్టు మారితే అదే నాడె ఇంకొకరి నోటికి పోతుంది. ఎవరూ తుడవరు.

"వస్తలేదు" అని ఉమ్మేసి నాకు తిరిగిచ్చాడు. నేను పీల్చాను. చిన్నప్పుడు బడి వదిలాక నాన్న సాంచాల దగ్గర నాడెలు నింపింది నేనే. చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోయింది. నాలుకకు జిగురు పెళ్ల ఒకటి తగిలింది. వెలుతురుకు పట్టి చూస్తే చుక్కంత వెలుతురు కనిపించింది.

"వచ్చింది మామా!"

మామ జెట్ వైపు చూడలేదు. నా నోటి వైపు చూస్తున్నాడు.

"నీ యవ్వ... నా ఎంగిలిది గద అల్లుడా."

"ఏం గాదు. పెట్రోల్ల నానింది గద" అన్నాను. అందులో నిజమెంతో నాకు తెలియదు.

రెండ్రోజులకు మామకు జ్వరం వచ్చింది.

గుమ్మం బయట నిలబడి అమ్మకు జరిగింది చెప్పాను.

"ఇంత సదువు సదివినవ్. నాడె అనుకున్నవారా అది?"

"అట్లనే అనుకున్న."

"ఇంట్లకు రాకు. చాప బయటేస్త."

ఆ రోజు నుంచి వరండాలో బండి పక్కనే పడుకున్నాను. వాసన తెలియకపోతే జబ్బు అంటినట్టే గనుక, పెట్రోలు గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన వస్తున్నదో లేదో చూసుకునేవాణ్ని. వచ్చేది. కాసేపటికే అనుమానం కలిగి మళ్లీ చూసేవాణ్ని. అమ్మ లోపల దగ్గితే పనిముట్టు కింద పెట్టేసి, రెండో దగ్గు వస్తుందేమోనని వినేవాణ్ని.

రెండు కార్బురేటర్లనూ బిగించాను. యాక్సిలరేటర్ తిప్పితే లోపలి స్లైడులు రెండూ ఒకేసారి లేవాలి. ఒక్కోదాంట్లో ఒక వేలు పెట్టి చూశాను. ఎడమది ఆలస్యంగా లేస్తున్నది. దాని యాక్సిలరేటర్ తీగ కొంచెం కొంచెంగా బిగించి, వేళ్లు రెండూ ఒక్కసారే కదిలేదాకా సరిచేశాను. కిక్కు కొడితే ముందు కుడి సిలిండరు ఒక్కటే అందుకుంది. చాలాసేపటికి ఎడమదీ అందుకుంది. యాక్సిలరేటర్ వదిలితే మాత్రం ఆగిపోతున్నది.

మర్నాడు పొద్దున అత్త, అంటే మామ భార్య, వాళ్ల గుమ్మంలోంచి అరిచింది.

"అల్లుడా, మీ మామకు దమ్ము ఆడ్తలేదు! ఆటోవోడు జెరం అనంగనే వాపస్ వోయిండు!"

నేను కదల్లేదు. ఈ బండి అమ్మ కోసం బాగుచేసింది. దారిలో చెడిపోతే అమ్మకు ఏదీ ఉండదు. మామను వెనక కూర్చోబెట్టుకుంటే ఆయన ఊపిరి నా మెడ మీద పడుతుంది. అది అంటించుకునే అమ్మ ఉన్న ఇంటికి తిరిగి రావాలి. ఇవన్నీ అమ్మకూ తెలుసు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"సూస్తవేంది? పో" అంది.

బండి వెంటనే అందుకోలేదు. అందుకున్నాక మామ వెనక కూర్చుని రెండు చేతులతో నా చొక్కా పట్టుకున్నాడు. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఎడమ సిలిండరు పనిచేయడం మానేసింది. బండి నెమ్మదించింది. గేరు తగ్గించాను. చొక్కా మీద పట్టు వదులైతే వెనక్కి చెయ్యి పెట్టి తడిమేవాణ్ని.

"ఉన్న, ఉన్న" అన్నాడు. ఇంకోసారి తడిమితే, "రోడ్డు సూడరా" అన్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర చక్రాల కుర్చీ వచ్చింది. "గాడీ బంద్ కరో భాయ్" అంటూ ఇంజను ఆపమని కాపలాదారు అరిచాడు. నేను ఆపలేదు. ఆపితే మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం లేదు. యాక్సిలరేటర్ పట్టుకునే ఉన్నాను. మామను కుర్చీ ఎక్కించింది ఇంకెవరో. ఆయన నా వైపు తిరిగి ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినబడలేదు. వినాలంటే ఇంజను ఆపాలి.

మామ బతికాడు. చాలా రోజులకు, సగమై, తిరిగొచ్చాడు. ఆ పొద్దున మాత్రం అది నాకు తెలియదు.

ఇంటి ముందుకు వచ్చి కూడా ఆపకుండా కూర్చున్నాను. అమ్మ కిటికీ మూసి, సందులోంచి అరిచింది.

"ఆపు కొడకా! పొగంత ఇంట్లకే వస్తుంది. దమ్ము పట్టుకుంటుంది నాకు."

ఆపాను. వెంటనే కిక్కు కొట్టాను. అందుకుంది. మళ్లీ ఆపాను. లోపల అమ్మ దగ్గుతున్నది. అది పొగకో కాదో తెలియక, కాలు కిక్కు మీదే ఉంచి వింటూ నిలబడ్డాను.