రోడ్డు డ్యూటీ చేసిన స్ట్రైకర్

గోల్ కొట్టే మనిషిని తీసుకుపోయి గోల్ ఆపే చోట నిలబెట్టారు. ఇది అన్యాయం. మా బస్వరాజ్‌కు జరిగింది ఇదే. ముందు ఈ మాట చెప్పుకున్నాక మిగతాది చెబుతాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు సంగతి. అప్పటికి నేను జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆటల సారుగా చేసి మానేశాను. నాకు కోచింగ్ సర్టిఫికెట్ ఏదీ లేదు. బీదర్ పోయి మ్యాచులు చూసి, పాత రూల్సు పుస్తకం ఒకటి అట్టలు ఊడేదాకా చదివి నేర్చుకున్నాను. నా దగ్గర ఆడినవాళ్లలో ఫుట్‌బాల్‌నే బతుకుదెరువు చేసుకున్నవాడు ఒక్కడే, కోహీర్ అల్లం రైతు కొడుకు బస్వరాజ్. వాణ్ని స్ట్రైకర్‌గా తయారుచేశాను, అంటే అందరికంటే ముందుండి గోల్ కొట్టేవాడు. హైదరాబాద్ క్లబ్బు, తరువాత కలకత్తా క్లబ్బు అట్లాగే తీసుకున్నాయి. కలకత్తాలో ఆడించింది తక్కువ, బెంచీ మీద కూర్చోబెట్టింది ఎక్కువ. గోవాకు మారితే అక్కడి కోచ్ వాణ్ని స్టాపర్ చేశాడు. స్టాపర్ పని తన గోల్ ముందు నిలబడి ఎదుటి స్ట్రైకర్‌ను అడ్డుకోవడం. మాల్దీవుల క్లబ్బు పిలిచింది కూడా స్టాపర్‌గానే.

అక్కడి మ్యాచ్ ఒకటి ఫోన్లో చూశాను. వాడు ఎదుటివాళ్ల గోల్ వైపు ఒక్కసారి కూడా పోలేదు. నాకు కడుపు మండింది. బడి గ్రౌండు పక్కన పంచర్ షాపు నడిపే ఖాజా నాతోపాటు చూస్తూ, "మంచిగనే ఆపుతున్నడు గద సార్, నీకేం కష్టమొచ్చింది?" అన్నాడు. పెండ్లికొడుకును వంటల దగ్గర నిలబెట్టి, మంచిగనే వడ్డిస్తున్నడు అంటావా అని అడిగాను.

"వంటోనికి పనన్న దొరుకుతది సార్. గీ పెండ్లికొడుకు కలకత్తల కూసునే ఉండె గద" అన్నాడు ఖాజా.

అంతలో క్లబ్బు ఇంకో సీజన్‌కు కాంట్రాక్ట్ ఇస్తామంది. స్ట్రైకర్‌గా ఆడిస్తేనే సంతకం పెడతానని చెప్పు, లేకుంటే వాపస్ రా అని ఫోన్లో బస్వరాజ్‌కు గట్టిగా చెప్పాను. అట్లా అడిగితే తనను పంపించేస్తారని, తరువాత ఏ క్లబ్బూ పిలవకపోవచ్చని వాడన్నాడు. అయినా నా మాట తీసేయలేక, ఊరికి వచ్చి జవాబు చెబుతానన్నాడు. సంతకం ఆగింది. నేనూ తగ్గలేదు.

వచ్చినవాడు మా ఇంట్లో చాయ్ కూడా తాగకుండా నన్ను గ్రౌండుకు తీసుకుపోయాడు. ఆ గ్రౌండులో ఒక గోల్ వెనకాల గోడ లేదు, నేరుగా బొంబాయి రోడ్డే. బడికి ఉండేది ఒకటే బంతి. అది రోడ్డెక్కి లారీ కింద పడితే ఆ నెల ఆట బందు. అందుకే ఒక రూలు పెట్టాను. గోల్ తప్పి రోడ్డు వైపు తన్నినవాడు ఆట వదిలి రోడ్డు అంచున నిలబడాలి, ఇంకొకడు తప్పేదాకా వచ్చిన ప్రతి బంతినీ ఆపాలి. పిల్లలు దానికి రోడ్డు డ్యూటీ అని పేరు పెట్టారు.

బస్వరాజ్ నవ్వుకుంటూ పోయి ఆ అంచునే నిలబడ్డాడు. స్ట్రైకర్‌ను చేసి పంపితే స్టాపర్‌వి ఎట్లయినవురా అని అడిగాను.

మరునాడు వాడు ఆ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాడు, పెన్ను నేనే ఇచ్చాను. జరిగింది అన్యాయమేనని ఇప్పటికీ అంటాను. కాకపోతే చేసిందెవరని ఖాజా అడిగితే మాట మారుస్తాను. మనం నేర్పామనుకున్నది ఒకటి, పిల్లలు నేర్చుకుపోయేది ఒకటి. గ్రౌండు అంచున నిలబడి వాడిచ్చిన జవాబు ఇది:

"సార్, గోల్‌కు అందరికంటె ఎక్కువ కొట్టింది నేనే, తప్పింది గూడ నేనే. ఆటల కన్న ఈడ నిలవడ్డదే ఎక్కువ. కొట్టెటోని కాలు జూస్తె బంతి యాడికొస్తదో తెలుస్తుండె. నన్ను ఎన్క నిలవెట్టింది గోవా సార్ కాదు, మీరే. ఈడ నా ఎన్క లారీలు, ఆడ సముద్రం. గంతే ఫరక్."