బేకార్ పుస్తకాల పెద్దబాపు

కండక్టర్ పెద్దబాపు పోయిండని శనివారం పొద్దుగాల యాదగిరి వచ్చి చెప్పిండు. యాదగిరిది మా మాదన్నపేట గల్లీ మలుపు కాడ బర్ల డెయిరీ. రోజూ గిన్నెల పాలు పోసి, రెండో మాట లేకుండ పోతడు. ఆ దినం గిన్నె నిండినంక గూడ పోస్తనే ఉన్నడు. "ఏందిరా, కండ్లు యాడ పెట్టినవ్?" అని కసిరిన. "పెద్దబాపు పోయిండక్కా. నిద్రల్నే," అన్నడు. పాలు మెట్ల మీదికెళ్లి కారుతున్నయి. ఇద్దరం గట్లనే చూస్కుంట నిలబడ్డం.

నాకు మొదలు ఏడుపు రాలే, కోపమొచ్చింది. ఒక్క దినం ఆగితె ఏం పోతుండె ఆయనకు? ఆదివారం ఆయనతోని ఒక మాట చెప్పేదుండె. రెండేండ్ల కింద ఆయనకు ఒక అబద్ధం చెప్పిన. ఈ వారం ఒప్పుకుంట, తిడితె తిట్టనీ అని గట్టిగ అనుకున్న. ఆయనేమో శనివారమే పాయె.

మీకు ఆయన తెల్వదు గద, చెప్త. మాది పక్కపక్క ఇల్లు. ఆయన బస్సు కండక్టర్‌గ చేసి రిటైరైండు, నేను ఇంట్లనే బ్లౌజులు కుడుత. నడుమ గోడ ఉన్నదన్న మాటే గాని ఆయన గొంతుకు గోడలు లెక్కలేదు. ముంగటి డోర్ నుంచి ఎనక సీటు దాంక ఇనిపియ్యాలని అలవాటైన గొంతు అది. ఇంటామె పెద్దమ్మ చెవుల రహస్యం చెప్పినా గల్లీల సగం మందికి తెలుస్తుండె. మనుమడు పుట్టిండన్న ముచ్చట గూడ నేను మిషిన్ మీద కూసోనే ఇన్న.

ఆదివారం పొద్దుగాల పాలమ్ముడు అయిపోయినంక యాదగిరి ఖాళీ క్యాన్లు కడిగి డెయిరీ ముంగట బోర్లేస్తడు. గవ్వే మా కుర్చీలు. పెద్దబాపు, నేను, పాత పుస్తకాల, రద్దీ కాగితాల బండి తిప్పే కరీం భాయ్. వారంల ఎవ్వరేం చదివిండ్రో గాడ చెప్పాలె. కరీం భాయ్ ఉర్దూ కథలు చెప్పుకుంట "క్యా లిఖా హై భాయ్, ఏం రాసిండు!" అని తొడ చరుచుకుంటడు. బండిల దొరికిన తెలుగు పుస్తకాలు తెచ్చి పెద్దబాపుకు ఇస్తడు. యాదగిరి ఏం చదవడు, పేడ ఎత్తుకుంట ఇంటడు. నచ్చిన కథైతె పార పక్కకు పెడ్తడు.

పెద్దబాపు ఏ పుస్తకాన్నీ మంచిగుందని చెప్పి ఇయ్యకపోతుండె. మూతి ముడిచి, "బేకార్ పుస్తకం. అస్సలు చదవకు," అని చేతుల పెడుతుండె. ఎంత నచ్చితె గన్ని తిట్లు. ఒకపారి మా గల్లీకి కొత్తగ కిరాయికొచ్చిన సారు నిజమనుకొని, "బేకారైతె నాకెందుకు అంకుల్," అని వాపస్ ఇచ్చిండు. ఆ సారుతోని ఆర్నెల్లు మాట్లాడలే మా పెద్దబాపు. గదే "పర్వాలే, మంచిగనే ఉంది" అన్నడంటె, కరీం భాయ్ ఇంకేం అడుగకుండ ఆ పుస్తకాన్ని మళ్ల రద్దీ కట్టల ఏస్కుంటుండె.

పెద్దమ్మ కష్టం పెద్దమ్మది. బీరకాయలు తెమ్మని మార్కెట్‌కు తోలితె సంచి ఖాళీగ పట్టుకొని వస్తుండె. కూరగాయలామె గల్లా కాడ నిలబడి కథ మొదలుపెట్టి, సగంల పుస్తకం ఆమె చేతుల పెట్టి, బీరకాయలు మర్చిపోయి ఇంటికి వస్తుండె. "పుస్తకాన్ని పొయ్యి మీద పెట్టి ఉడకబెట్టనా?" అని పెద్దమ్మ లొల్లి. ఈయన లుంగీ సర్దుకుంట, "అది బేకార్ పుస్తకం గానీ, నువ్వు చదవకు," అంటుండె. పెద్దమ్మ నిజంగనే చదవకపోతుండె. పెండ్లైన సంది ఆయన మాట ఇన్నది గదొక్కటేనని ఆమెనే అంటది.

పుస్తకం మన దగ్గర వారం దాటితె చాలు, "నచ్చిందా?" అని అడుగుతడు. నచ్చిందంటె, "మరి నీ దగ్గరెందుకుంది?" అంటడు. గదొక మాట. ఇంకో మాట, చదివిన పుస్తకం బీరువల పెట్టుకునుడు, బస్సు దిగినంక టికెట్ పట్టుకొని స్టాపుల నిలబడుడు ఒక్కటేనని. ఆయన దగ్గర చెల్లని పాత టికెట్లు ఒక కట్ట ఉండె. ఆయన చేతుల పడ్డ ప్రతి పుస్తకంల ఒకటి ఉంటది. మేం పుస్తకం తెరువంగనె దాన్ని తీసి మా పేజీకి పెట్టుకుంటుంటిమి. యాడికెళ్లి తీసినమో ఎవ్వరం చూడలే.

మళ్ల పరీక్ష పెడుతుండె, గదే భయం నాకు. "చదివినవా? అయితె ఆఖరికి ఏమైందో చెప్పు." కండ్లు చిన్నగ చేసి, టికెట్ లేనోన్ని పట్టుకున్నట్టు చూస్తడు. చెప్పేదాంక వదలడు. అన్నీ తెలిసి నన్ను పరీక్ష చేస్తున్నడనే అనుకున్న.

ఇగ నా అబద్ధం. రెండేండ్ల కింద ఒక పచ్చ అట్ట పుస్తకం ఇచ్చిండు, మామూలు తిట్లతోని. ఒక ముసలాయన బర్రె తప్పిపోతది. ఆయన పలుపుతాడు భుజానేస్కొని ఊరూరు తిరిగి ఎతుకుతుంటడు. పెద్దబాపు సగం కథ చెప్పంగనె యాదగిరి పార కింద పడేసిండు. వారమంతా పాలు పోస్కుంట, "అక్కా, బర్రె దొరికిందా?" అని ఒకటే సతాయింపు. అది పెండ్లిండ్ల సీజన్. నా మెడ చుట్టు బ్లౌజులే. నేను ఆఖరు దాంక చదవనే లేదు.

ఆదివారం వచ్చింది. "చెప్పు బిడ్డా, ఆఖరికి ఏమైంది?" అన్నడు పెద్దబాపు. యాదగిరి నా మొకమే చూస్తున్నడు. ఎనక బర్లు గూడ నా దిక్కే చూస్తున్నయనిపించింది. చదవలేదంటె ఇజ్జత్ పోతది. "దొరికింది," అన్న. అంతటితోని ఊకున్ననా? "ఎవ్వరు తోలుకరాకుంటనే అదే వచ్చింది. ముసలాయన ఇంటికి చేరేసరికి అదే ముందుగాల వచ్చి వాకిట్ల నిలబడ్డది," అన్న.

యాదగిరి తువ్వాలతోని కండ్లు తుడుచుకున్నడు. పెద్దబాపు తల ఊపి, "బేకార్... మస్తు బేకార్," అన్నడు. తెల్లారి యాదగిరి అందరిండ్లకు జున్నుపాలు పంపిండు, బర్రె దొరికినందుకు! ఆ జున్ను గిన్నె పక్కకు పెట్టిన. గప్పుడు కూసోని మిగిలిన పేజీలు చదివిన. బర్రె దొరకదు. ముసలాయన ఒక్కడే ఇంటికొచ్చి, తాడు గుంజకు తగిలేసి కూసుంటడు. గంతే. ఏడ్చిన, మళ్ల భయపడ్డ.

చెప్దామనుకున్నప్పుడల్లా ఆయన ఎవ్వరికో ఒకరికి అదే కథ చెప్తుండె. నీళ్ల ట్యాంకర్ డ్రైవర్‌కు చెప్పిండు. పండ్ల డాక్టర్ కాడ నోట్ల దూది పెట్టుకొని గూడ చెప్పిండట. "బర్రెనే ముందుగాల ఇంటికొస్తది!" ఆయన మొకంల సంబురం చూసి వచ్చే ఆదివారం చూద్దాం అనుకుంటుంటి. గట్ల రెండేండ్లాయె.

పదో దినం నాడు అన్నాలైనంక పెద్దమ్మ కాడ కూసున్న. ఆయనకు చెప్పాల్సింది ఆమెకన్న చెప్పాలనిపించింది. అంతా చెప్పి, "ఆయన నన్ను పరీక్ష చేస్తె అబద్ధం చెప్పిన పెద్దమ్మా," అన్న. ఆమె నన్ను ఇచిత్రంగ చూసింది.

"పరీక్షనా? ఏ పుస్తకం ఆఖరి దాంక చదివిండే ఆయన? మంచిగనిపిస్తె కడుపుల ఆగదు. ఇంకో పది పేజీలు ఉన్నయనంగ అంగి తొడుక్కొని బయటపడుతుండె, ఎవ్వరికన్న ఇయ్యాలని. ఆఖరికి ఏమైందో మీరు చెప్తెనే ఆయనకు తెలిసేది."

కండ్లు చిన్నగ చేసి చూసింది పరీక్ష గాదు, తెలుసుకోవాలని ఆగలేక! గంత ఆశతోని అడిగినాయనకు నేను దొంగ ముగింపు ఇచ్చిన్నని మనసు ఇంకింత కాలింది. గుమ్మం కాడ ఇస్తర్లు ఎత్తుతున్న యాదగిరి గొంతు సవరించుకున్నడు.

"అక్కా, ఆయనకు తెలుసు. నేనే చెప్పిన."

యాదగిరి కథ మళ్ల ఇనాలని పచ్చ అట్ట పుస్తకం తీస్కపోయి, రోజు కొంచెం వాళ్ల బిడ్డతోని చదివిపించుకున్నడట. ఆఖర్ల బర్రె రాకపోయేసరికి మండిపడి పెద్దబాపు మీదికి పోయిండట. పెద్దబాపు దగ్గొచ్చేదాంక నవ్విండట. "అరె యాదగిరీ, రాసినాయన మర్చిపోయిండు, మన బ్లౌజుల బిడ్డ తోలుకొచ్చింది. జున్ను గూడ తిన్నం. ఇప్పుడు లొల్లెందుకు? దానితోని అనకు, సిగ్గుపడి ఆదివారం రాకుంటైతది," అన్నడట. ట్యాంకర్ డ్రైవర్‌కు, పండ్ల డాక్టర్‌కు చెప్పింది గీ ముచ్చట తెలిసినంకనే.

"మరి నాకెందుకు చెప్పలేదురా గాడిదా?" అని యాదగిరి మీద ఎగిరిన. రెండేండ్ల ఫికర్ నాది! గప్పుడొచ్చింది ఏడుపు. నవ్వు గూడ దాంతోనే వచ్చింది. పెద్దమ్మ రెండిటికీ ఒకే కొంగు ఇచ్చింది.

పోయే ముందు బేస్తవారం ఆయన నాకొక పుస్తకం ఇచ్చిండు. ఒకే ఇంట్ల నడుమ గోడ కట్టుకొని, ఏండ్ల కొద్ది మాటల్లేని ఇద్దరు అక్కచెల్లెండ్ల కథ. "మాట్లాడుకుంటరా లేదా, ఆదివారం చెప్పు," అన్నడు. పదో దినం రాత్రి ఆ పుస్తకం తెరిచి, ఈపారి టికెట్ యాడున్నదో చూసిన. సరిగ్గ పది పేజీలు మిగిలినయి. టికెట్ ఆడనే ఉంచి, ఒక్క అక్షరం వదలకుండ చదివిన.

మొన్న ఆదివారం యాదగిరి ఎప్పటిలెక్కనే నాలుగు క్యాన్లు బోర్లేసిండు. పెద్దమ్మ తోటకూర కట్ట చేతుల పట్టుకొని వచ్చి ఆయన క్యాను మీద కూసుంది. నేను చెప్పిన. వాళ్లు మాట్లాడుకోరు. గాని ఆఖరి పేజీల ఒకామె గోడ మీద గిన్నెల చారు పెట్టి పోతది. రెండో ఆమె గిన్నె కడిగి, దాంట్ల ఇంత చక్కెర పోసి మళ్ల గోడ మీద పెడ్తది.

కరీం భాయ్ తొడ చరచలే. యాదగిరి అనుమానంగ చూసిండు. "అక్కా, ఇది పుస్తకంల ఉన్నదేనా, నువ్వు పెట్టినవా?"

"ఉన్నదే రా. నిజంగ."

పెద్దమ్మ చెయ్యి చాపింది. పుస్తకం ఎన్నడు ముట్టని మనిషి. "ఎట్లుంది?" అని అడిగింది.

ఆయన ఆగిపోయిన కాడికెళ్లి టికెట్ తీసి, ఆఖరి పేజీల పెట్టిన. "బేకార్ పెద్దమ్మా," అన్న. "అస్సలు చదవకు."

తోటకూర కట్ట సంకల పెట్టుకొని, పుస్తకం రెండు చేతుల పట్టుకొని ఇంటి దిక్కు నడిచింది. ఆఖరి పేజీకెళ్లి టికెట్ కొన బయటికి కనిపిస్తుండె.