విప్పేసిన ముడి

మా మేనత్తని లాయంలో అందరూ పట్టీలత్త అంటారు. ముప్పై ఏళ్లుగా గుర్రాల గాయాలకి కట్లు కట్టడమే ఆవిడ పని. ఆవిడ చేతిలో పడితే ఎంత పుండైనా మానుతుందని పేరు. నేనూ కాదనను. కాకపోతే ఎవరైనా ఆవిడని పొగుడుతుంటే ఇప్పుడు నేను పక్కకి తప్పుకుంటాను. ఎందుకో చెబుతాను.

ఆవిడ నేరుగా గాయం దగ్గరికి వెళ్లదు. ముందు గుర్రం మెడ మీద చెయ్యేసి ఇంటి కబుర్లు మొదలుపెడుతుంది. కూరలో ఉప్పెక్కువైంది, పక్కింటావిడ చూసీ చూడనట్టు వెళ్లిపోయింది, ఇలాంటివి. గుర్రం చెవులు వదులయ్యాకే కాలు పట్టుకుంటుంది. ఉప్పునీళ్లతో కడిగి, గాయం లోతైనదైతే మందులో తడిపిన పల్చటి గుడ్డముక్కలు లోపల కూరుతుంది.

"పుండు అడుగునుంచి మానాలే కోడలా. పైన మూసుకుంటే మానిందనుకునేవాళ్లంత వెర్రివాళ్లు లేరు" అని నాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

లోపల ఎన్ని ముక్కలున్నాయో మర్చిపోకుండా ఆ గుర్రం గది తలుపుకి ఒక దారం వేలాడదీస్తుంది. ముక్కకో ముడి. ముక్క బయటికి తీశాకే ముడి విప్పాలి. రాసుకోవచ్చు కదా అంటే, కాగితం తడిస్తే అక్షరం పోతుంది, దారం తడిస్తే ముడి ఇంకా బిగుస్తుంది అనేది. ఆ దారం మీద లాయమంతటికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ ఆవిడకే.

ఆవిడ తమ్ముడే మా నాన్న. అదే లాయంలో గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. గిట్టలో మేకు ఎంతవరకు దిగిందో సుత్తి చప్పుడుని బట్టి చెప్పేవాడు. అక్కాతమ్ముళ్లకి రోజంతా ఒకర్నొకరు దెప్పుకోవడమే సరదా. నీ మేకులున్నంతకాలం నా పనికి ఢోకా లేదురా అని ఆవిడ. నీ కబుర్లు భరించలేకే గుర్రాలు త్వరగా లేచి నడుస్తున్నాయని ఈయన.

ఒకసారి బూడిదరంగు ఆడగుర్రం ఒకటి కంచెతీగకి కాలు కోసుకుంది. సరిగ్గా గిట్ట పైన, లోతుగా. దారానికి ఆరు ముళ్లు పడ్డాయి. మూడు వారాల్లో అయిదు విడిపోయాయి. ఆరోది విప్పాల్సిన రోజున లాయం యజమాని తన చుట్టాలని వెంటబెట్టుకొచ్చాడు, మా పట్టీలత్త పనితనం చూడండంటూ. అత్తకి పొగడ్తలు పట్టవంటారు గాని, నా మాట నమ్మండి, బాగానే పడతాయి. ఇదిగో ఆఖరి ముడి అని నలుగురి ముందూ దర్జాగా విప్పేసింది. ముక్క తియ్యడానికి వంగేలోపే వాళ్లు దారం కథ అడిగారు, టీ తాగుతూ చెప్పమన్నారు. వాళ్లని సాగనంపి వచ్చి చూస్తే దారానికి ముడి లేదు. ముడి లేకపోతే ముక్క లేనట్టే కదా. కొత్త కట్టు కట్టి ఇంటికొచ్చేసింది.

వారం తిరిగేసరికి గాయం పైన మూసుకుంది. నాన్న ఆ కాలికి కొత్త లాడం వేశాడు. మూడోనాటికి గుర్రం ఆ కాలు నేలకి ఆనించలేదు.

మేకు మాంసంలో దిగి, చీము గిట్ట పైకి ఎగదన్నిందన్నారు. లాడాలు కొట్టే చోట అలా జరగడం వింత కాదు కాబట్టి డాక్టరు కూడా అదే అయ్యుంటుందన్నాడు. దారం చూశారు, ఒక్క ముడి కూడా లేదు. యజమాని నాన్నని ఇక రావద్దన్నాడు. ఊడదీసిన మేకుల్ని నాన్న ఇంటికి తెచ్చుకుని, వరండాలో కూర్చుని ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూశాడు. తప్పు ఏ మేకుదో ఆయనకి అంతుబట్టలేదు.

మరో అయిదు రోజులకి వాపు పగిలింది. అప్పుడు అత్త ఒక్కతే ఉంది. కడుగుతుంటే పట్టకారుకి ఏదో తగిలింది. లాగితే వేలెడు గుడ్డముక్క, నల్లగా, కంపు కొడుతూ బయటికొచ్చింది. ఆవిడ దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి పొయ్యిలో వేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. రేపు చెబుదామనుకుందట. మర్నాటికి గుర్రానికి జ్వరం తగ్గి, అందరూ ఆవిడ చేతిని కళ్లకద్దుకున్నారు. ఆ మర్నాటికి చెప్పడం ఇంకా కష్టమైంది. గోటితో పోయేదాన్ని అలా గొడ్డలిదాకా తెచ్చుకుంది.

నెలకి గుర్రం నడిచింది, కాస్త కుంటుతూ. నాన్న తలుపులకి బందులు బిగించే పనిలో చేరాడు. ఒకరోజు పాత పరిచయస్తుడు తన గుర్రాన్ని ఇంటికే తోలుకొచ్చి బతిమాలాడు. నాన్న దాని కాలు ఒళ్లో పెట్టుకుని, సుత్తి ఎత్తి, కొట్టకుండానే పక్కన పెట్టి, కాలు మెల్లగా కిందికి దించేశాడు. ఈ చెయ్యి మీద నాకు నమ్మకం లేదు, ఇంకెవర్నైనా చూసుకోమన్నాడు. మా పక్క వాటాలోనే ఉండే అత్త వంటింటి కిటికీలోంచి అదంతా చూసింది. అప్పట్నుంచి మా ఇంటికి రోజూ ఏదో ఒక కూర గిన్నె వచ్చేది. మా ఇంట్లో ఎవరైనా మేకు అన్న మాటంటే చాలు, గుమ్మడికాయల దొంగలా ఆవిడ భుజాలు తడుముకునేది. అదంతా తమ్ముడి మీద బెంగ అనుకుంది మా అమ్మ.

నాలుగేళ్లు గడిచాయి. ఓ ఆదివారం అందరం కలిసి భోంచేస్తుంటే నాన్న ఉన్నట్టుండి అన్నాడు.

"ఎప్పుడూ చెప్పలేదు గాని, నీకు దణ్ణం పెట్టాలక్కా. నేను కుంటిదాన్ని చేసిన గుర్రాన్ని నువ్వు నడిపించావు."

అత్త నోటిదాకా వెళ్లిన ముద్ద కంచంలో పెట్టేసి లేచిపోయింది. వెనకాలే వెళ్తే, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటూ, కడిగిందే కడుక్కుంటూ నాకు అంతా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. అనకూడని మాటలు కూడా అన్నాను. నాకు చెప్పి ఏం లాభం, చెప్పాల్సింది ఆయనకి అన్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చి, గుమ్మంలో నిలబడి, నేల చూపులు చూస్తూ నాన్నకి మొత్తం చెప్పింది. నాన్న ఆసాంతం విని నవ్వాడు.

"చిన్నప్పుడు నేను కుండ పగలగొడితే నువ్వే పగలగొట్టానని చెప్పి అమ్మ చేత దెబ్బలు తిన్నావు. ఆ అలవాటు ఇంకా పోలేదా అక్కా?"

ఒట్టేసినా వినలేదు. అక్కణ్నుంచి లాయానికి వెళ్లి యజమానికి చెప్పింది. ఆయనా నమ్మలేదు. తమ్ముడి కోసం నింద నెత్తినేసుకునే అక్క ఈ కాలంలో ఎక్కడుందని అందరికీ చెప్పుకున్నాడు. దాంతో ఆవిడ పేరు ఇంకో మెట్టెక్కింది. రుజువు చూపిద్దామంటే ఏనాడో పొయ్యిలో బూడిదైంది. ఆ వేళ ఆవిడ ఆ బూడిదరంగు గుర్రం మెడ మీద తలానించి ఏడవడం నేను చూశాను. నిజం చెప్పొద్దూ, జాలి వేయలేదు. తర్వాత వేసింది.

సాయంత్రం నాన్న బందులకి నూనె రాస్తుంటే పక్కన కూర్చున్నాను. అత్త చెప్పింది నిజమే నాన్నా, తప్పు నీ చేతిది కాదు అన్నాను. ఆయన చేతిలో ఉన్న బందుకి రాయడం పూర్తిచేసి, నూనెగుడ్డ పక్కన పెట్టాడు.

"తెలుసే. కుండ సంగతిలో అబద్ధమాడినప్పుడు అక్క అమ్మ కళ్లలోకి సూటిగా చూసి చెప్పింది. ఇవాళ నా మొహమే చూడలేకపోయింది."

"మరెందుకు నవ్వావు?"

"నాలుగేళ్లు భయపడ్డ చెయ్యి, ఇక పనికొస్తుందో లేదో నాకే తెలీదు. పని పోతే పోయింది. నమ్మానంటే అక్క కూడా పోతుంది. ఈ మాట దానికి చెప్పకు."

చెప్పలేదు. ఇప్పటికీ అత్త కూర గిన్నె చేతికిస్తూ మీ నాన్న నమ్మాడా అని అడుగుతుంది. లేదత్తా అంటాను, ఆవిడ కళ్లలోకి సూటిగా చూసి.