వంకల సారు జప్తు

మా వంకల సారుకి ఈ లోకంలో ఏ వస్తువూ నచ్చదు. మామూలు మనిషికి ఈ జబ్బుంటే ఇంట్లోవాళ్లే పడతారు. ఈయన జప్తు అధికారి కావడంతో ఊళ్లో మోసగాళ్లంతా పడాల్సి వచ్చింది.

మోసం సొమ్ముతో కొన్న ఆస్తుల్ని కోర్టు ఉత్తర్వు ప్రకారం స్వాధీనం చేసుకోవడం మా పని. సీలు వేసి వచ్చేస్తే చాలు. సారు అలా రారు. ప్రతిదాని ముందూ నిలబడి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ఏడ్చినట్టుంది" అంటారు.

ఒకసారి నకిలీ మందులు అమ్మి మేడ కట్టినవాడి దగ్గరికి వెళ్లాం. మేడ అప్పగించాడు, కారు తాళాలిచ్చాడు, కిక్కురుమనలేదు. సారు స్నానాలగదిలో బంగారు పూత కుళాయి చూసి, దీన్ని తిప్పితే నీళ్లొస్తాయా, సిగ్గొస్తుందా అని అడిగారు. అప్పుడు పొడుచుకొచ్చింది ఆ పెద్దమనిషికి పౌరుషం. ఆస్తి తీసుకోండి గానీ నా అభిరుచి జోలికి రావద్దంటూ పైవాళ్లకి ఫిర్యాదు పెట్టాడు. సంజాయిషీ ఇవ్వమంటే, ముందు ఆ ఫిర్యాదులో చేతిరాత చూడండి, ఏడ్చినట్టుందన్నారు సారు.

ఆయనతో జప్తుకెళ్లడమంటే నాకు తలకొట్టేసినట్టుండేది.

లేని స్థలాలు జనానికి అమ్మినవాడొకడు జైలుకెళ్లాడు. అతని ఇల్లు వేలం వేసి మోసపోయినవాళ్లకి సొమ్ము పంచాలి. ఖాళీ చేయాల్సిన రోజున మేం వెళ్లేసరికి కూతురు పెట్టెలతో గుమ్మంలో ఉంది. భార్య మాత్రం వంటింటి గట్టుకి జారగిలబడి కూర్చుంది. మొగుడి డబ్బెక్కడిదో పోలీసులొచ్చాకే తెలిసిందట ఆవిడకి. ఆ ఇంట్లో ప్రతి గోడా దగ్గరుండి కట్టించుకుంది. మహిళా కానిస్టేబుల్ ఎంత బతిమాలినా లేవలేదు.

సారు లోపలికొచ్చి కళ్లజోడు పైకి నెట్టారు. ఇక్కడ కూడానా అనుకున్నాను.

"ఈ వంటిల్లు ఎవరి ఆలోచనమ్మా?"

"నాదే."

"ఏడ్చినట్టుంది. పొయ్యి ఇక్కడా, కిటికీ వీపు వెనకా? గాలంతా గోడకేగా?"

ఆవిడ చివాల్న లేచింది. వీపుకి గాలి తగిలితే ఎంత హాయో వండేవాళ్లకి తెలుస్తుందంది. సారు అప్పటికే హాల్లోకి నడిచి, ఆ మెట్లు మనుషులకా, మేకలకా అంటున్నారు. ఆవిడ వాదిస్తూ వెంటపడింది. కూతురు మధ్యలో దూరి, నానమ్మ ఆ మెట్ల మీద రెండుసార్లు జారిందిగా అంది. ఆవిడ అది ఒప్పుకుని, పడకగది కూడా వానొస్తే కారుతుందని తనే బయటపెట్టింది. ఇక ఆగలేదు. ఈ తలుపు బిగుసుకుపోతుంది, ఆ గచ్చు తుడవలేక నడుం విరుగుతుంది అని తిట్టుకుంటూ తిట్టుకుంటూ గేటు దాటేసింది. దాటాక గానీ బయటికొచ్చేశానని గుర్తించలేదు. కూతురు ఫక్కున నవ్వింది. ఆవిడా నవ్వేసింది.

"ఈసారి చిన్నది కట్టుకోమ్మా, తుడవడం తేలిక," అన్నారు సారు.

తల్లీకూతుళ్లెక్కిన ఆటో వెళ్లిపోయాక చూస్తే సారు కనబడలేదు. వెతికితే వంటింట్లో ఉన్నారు, పొయ్యి దగ్గర, కిటికీకి వీపు పెట్టి, కళ్లు మూసుకుని.

"నా సర్వీసులో ఇంత మంచి వంటిల్లు చూడలేదయ్యా," అన్నారు.

"మరి అన్ని మాటలన్నారేంటి సార్?"

"బాగుందని మెచ్చుకుని బయటికి పొమ్మంటే ఎవరికైనా కాళ్లు కదులుతాయా?"

ఈ సంగతి ఆఫీసులో నోరు జారావంటే కొండల్లోకి బదిలీ చేయిస్తానని బెదిరించారు. తర్వాత వెనక్కి తిరిగి, నిద్రపోతున్న పిల్లాడి గదికి తలుపు వేసినంత మెల్లగా, ఆ కిటికీ రెక్కలు మూశారు.