నీళ్లు పోశానన్న మాట

ఏళ్లుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్న అబద్ధం ఒకటి ఉంది. ఒక్క మాటే. మీతో చెబుతున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన మనిషి ప్రతి ఆదివారం నా కారులో పక్క సీట్లో కూర్చున్నా నాకు నోరు పెగలదు.

ఆయన మా బావ, అక్క భర్త. ఆయనకో పాత విదేశీ కారు ఉండేది. పొడవాటి ముక్కు, రెండే తలుపులు, దూరప్రయాణాలకని చేసిన బండి. మిషన్ ఆస్పత్రి దొర డాక్టరు తన దేశం వెళ్లిపోతూ, తన దగ్గర డ్రైవరుగా చేసిన బావ తండ్రికి ఇచ్చేశాడు. చీపురుపల్లిలో మా చర్చిలో ఏ పెళ్లి జరిగినా పెళ్లికూతురు అందులోనే వచ్చి దిగాలి. కాకపోతే బయల్దేరే ముందు ప్రతిసారీ రేడియేటర్‌లో నీళ్లు పోయాలి.

నేను అప్పుడే చిన్న కారు కొన్నాను. ఏసీ, వెనక కెమెరా, దారి చూపించే తెర. చిన్నాన్న కూతురి పెళ్లికి తనని అందులో తెస్తానంటే ఇంటిల్లిపాదీ నవ్వారు.

"పెల్లికూతుర్ని అగ్గిపెట్లో ఎట్టి తెస్తావేట్రా?" అంది అక్క.

ఒళ్లు మండిపోయింది. ఏముంది ఆ ముసలి బండిలో? కిటికీ దించాలంటే కుస్తీ పట్టాలి! అయినా అది వీధిలోకి వస్తే నేనూ తల తిప్పి చూసేవాణ్ణే. అసలు మంట అదే.

పెళ్లిరోజు బావ టై కట్టుకుంటూ కేకేశాడు. "ఒరే, నీల్లు పోసీసినావా?"

"పోసీసినాను బావా."

దారిలో ఆగిపోతుంది, పెళ్లికూతురు నా కారెక్కుతుంది, అంతే అనుకున్నాను. ఎక్కింది కూడా. కానీ అంతకుముందే, పెళ్లికి ఆలస్యమవుతుందని బావ, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటుతున్నా ఆపకుండా తోలాడు. ఇంజన్ కాలి బిగుసుకుపోయింది. బాగుచేయడానికి విడి సామాను ఎక్కడా దొరకలేదు. చివరికి పాత ఇనుముకి పోయింది.

"నీల్లు కారిపోతన్నా సూసుకోలేదురా. మా నాన్న బండిని నా సేతుల్తోనే సంపీసినాను," అన్నాడు. మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు.

నన్నెందుకు అనుమానించడు ఈ మనిషి? ఒక్కసారి చెంప పగలగొట్టి ఉంటే పోయేది కదా! చేసింది నేనై, కోపం ఆయన మీదా? సిగ్గులేదా నాకు? ఉంటే ఇన్నాళ్లు ఆయన్ని అలా కుమిలిపోనిస్తానా?

"నీ బండే నయిం, నీల్లడగదు," అంటాడు నా కారెక్కి. ఆ మెచ్చుకోలు వింటే దాన్ని తీసుకెళ్లి భావనపాడు సముద్రంలో తోసెయ్యాలనిపిస్తుంది. పాత అలవాటు పోక, తలుపేసుకుంటూ ఇప్పటికీ అడుగుతాడు, నీల్లు పోసీసినావా అని. తనే నవ్వుతాడు. నేనూ నవ్వి, పోసేశానంటాను.

పొయ్యలేదు బావా. ఆ రోజు నీళ్ల బకెట్ నా కాళ్ల దగ్గరే, నిండుగా ఉంది.