మన నీళ్ళంతే అనుకున్న నడుంనొప్పి

ఆ రోజు మిద్దె మీదికి ఎర్రమట్టి మోస్తున్నాను. సగం మెట్లెక్కేసరికి వీపు నడిమధ్యన, లోపలెక్కడో, మేకు దిగినట్టు ఒక పోటు వచ్చింది. బక్కెట్టు అక్కడే పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. పోటు కాసేపటికి పోయింది గానీ ఏదో తేడా చేసిందన్న భయం మాత్రం పోలేదు. ఈ వయసులో మట్టి మోయడమేమిటని నన్ను నేనే తిట్టుకుని, మిగతా మట్టి కూడా మోసేశాను. మొండితనంలో మా ఇంటి పరువు నిలబెట్టేది నేనే.

నా పేరు అనసూయ. మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. యాభై దాటాయి. పెళ్ళి ఎందుకు కాలేదన్నది వేరే కథ, ఈ జబ్బుకు దానితో పనిలేదు. అమ్మా నాయనా పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. ఎవరైనా జాలిపడితే, హాయిగా ఉన్నానని చెప్పేదాన్ని. అది చాలావరకు నిజమే.

ఆ జనవరిలో మూడు పనులు చెయ్యాలనుకున్నాను. మిద్దె మీద కూరగాయల మొక్కలు పెంచాలి. అటక మీదున్న నాయన హార్మోనియం దించి, బాగు చేయించి, వాయించడం నేర్చుకోవాలి. ముందు గదికి రంగు వేయించాలి, అదీ ఎవరినీ అడక్కుండా నాకు నచ్చిన రంగు. పక్కింటి సుబ్బులక్కకు చెబితే నవ్వింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసపెట్టుకుని కూర్చునే వీధిలో వంకాయ మొక్కలకు నీళ్ళెక్కడివి అన్నది. బియ్యం కడిగిన నీళ్ళు పోస్తానన్నాను. ఒక్కదానివి వండుకునే గ్లాసెడు బియ్యానికి ఎన్ని నీళ్ళొస్తాయే అన్నది. ఆమె మాటెప్పుడూ అంతే, నిజం ముందు, మర్యాద తర్వాత. కానీ మర్నాటి నుంచి వాళ్ళింట్లో బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు కూడా బక్కెట్లో పట్టి పిట్టగోడ మీద పెట్టేది. మా రెండు మిద్దెలకూ మధ్య ఉన్నది మూరెడు సందు.

పోటు మళ్ళీ వచ్చింది. ఈసారి పోలేదు. మా వైపు మోకాళ్ళు నొప్పన్నా, పళ్ళు గారపట్టాయన్నా, మెడ తిరగడం లేదన్నా అందరిదీ ఒకటే మాట, మన నీళ్ళంతే. ఫ్లోరిన్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. నాయన చివరి రోజుల్లో నడుం వంగిపోయి నేలను చూస్తూ నడిచాడు. అందుకే నాకు అనుమానమే రాలేదు. నాయన వంతు అయింది, ఇక నా వంతు అనుకున్నాను. ప్లాంటు నీళ్ళ క్యాన్లు తెప్పించి వంటకు కూడా అవే వాడాను. కాలేజీలో ఒకరు తైలం చెప్పారు, ఒకరు మునగాకు చెప్పారు. వీధి చివరి ఆరెంపీ డాక్టరు సూది వేశాడు. సూది పనిచేసిన రెండు రోజులూ బాగుండేది, తర్వాత కథ మొదటికొచ్చేది.

సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాను. జాకెట్లు వదులయ్యాయి. దానికైతే లోలోపల సంతోషపడ్డాను కూడా, మెట్లెక్కి దిగిన ఫలితం దక్కిందని. అన్నం సయించకపోవడానికీ, తెల్లారేసరికి దిండు చెమటతో తడిసిపోవడానికీ ఒక్కొక్క కారణం నా దగ్గర సిద్ధంగా ఉండేది. ఒక్కదాన్నే ఉండటంలో ఇబ్బంది ఇదే. ఎదురుగా కూర్చుని, ఏంది ఇట్ల చిక్కిపోయినావు అని అడిగే మనిషి ఉండదు. రోజూ చూసుకునే అద్దం ఆ మాట చెప్పదు.

చివరికి ఒక ఉదయం పక్క మీంచి లేవలేకపోయాను. మంచంపట్టె పట్టుకుని, ఒక పక్కకు దొర్లి, ఎలాగో కాళ్ళు కింద పెట్టాను. ఆ రోజే ఆటో పిలిచి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నవాడు. ఫ్లోరిన్ సార్, మా నాయనకూ ఉండేది అని రోగం నేనే చెప్పేసి, మందు మాత్రం ఆయన్ని అడిగాను. ఆయన జ్వరం వస్తోందా అని అడిగాడు. బరువు చూశాడు. వీపు మీద ఒక్కో పూసా వేళ్ళతో తట్టుకుంటూ వచ్చి, ఒకచోట తట్టగానే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. తర్వాత ఎక్స్‌రే తీయించి, లైటు ముందు పెట్టి, అదే పూస దగ్గర వేలు ఆనించాడు.

"ఫ్లోరోసిస్ అయితే నడుం బిగుసుకుపోతుందమ్మా. సాయంత్రం జ్వరం తేదు, మనిషిని ఇట్లా చిక్కనివ్వదు. ఎమ్మారై తీయించండి. ఆలస్యం చెయ్యొద్దు."

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గుంటూరు వెళ్ళాను. హైదరాబాదు నుంచి తమ్ముడు అక్కడికి వచ్చాడు. ఎమ్మారై అయింది, ఈఎస్సార్ రక్తపరీక్ష అయింది, చెస్ట్ ఎక్స్‌రే అయింది. ఆ తర్వాత వెన్నులోకి సూది పంపి ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే మాట. ఆ మాట ఎవరూ అనకుండా హోటల్లో ఇడ్లీలు తిన్నాం.

"స్పైన్ టీబీ," అన్నాడు పెద్ద డాక్టరు. "డీ ఎలెవెన్, డీ ట్వెల్వ్ పూసలు దెబ్బతిన్నాయి. మందులతో తగ్గుతుంది. కాళ్ళల్లో వీక్‌నెస్ వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఆపరేషన్ చెయ్యాలి."

ఏడాది పాటు మాత్రలు వాడాలన్నాడు. మూడు నెలలు బెడ్ రెస్ట్, లేస్తే నడుముకు పట్టీలా బ్రేస్ కట్టుకునే లేవాలి. ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి ఎవరికీ అంటదని కూడా చెప్పాడు. ఆ ఒక్క మాట కాగితం మీద రాయించుకుని మా గేటుకు అంటించాల్సింది.

తమ్ముడు అప్పుడే తనతో రమ్మన్నాడు. వాళ్ళింట్లో హాలు పక్కన మంచం వేసుకుని, టీవీ చప్పుడు మధ్య, ఒకరి దయ మీద పడుకోవడం నా వల్ల కాదు. మా ఇంటికే వెళ్తానన్నాను. మరదలు వచ్చి కొన్నాళ్ళుండి వంటా వార్పూ చూసి, పిల్లల పరీక్షలకని వెళ్ళింది. ఆమెను తప్పు పట్టను. పనమ్మాయి టీబీ అన్న మాట చెవిన పడ్డ మర్నాటి నుంచి రాలేదు. కాలేజీ వాళ్ళు మొదట ఫోన్లు చేశారు, తర్వాత మెసేజీలు పెట్టారు, తర్వాత అవీ లేవు. మెస్ వాళ్ళ క్యారేజీ గేటు కొక్కేనికి తగిలించి, సైకిలు బెల్లు కొట్టి వెళ్ళిపోయేవాడు ఒకాయన. ఆయన మొహం ఈ రోజుకీ నాకు సరిగ్గా తెలియదు.

సుబ్బులక్క కూతురు పురిటికి వచ్చి అప్పుడే ప్రసవించి ఉంది. సుబ్బులక్క ఒకసారి గేటు అవతల నిలబడి ఎట్ల ఉందని అడిగి వెళ్ళింది. లోపలికి రమ్మంటే, బిడ్డ ఏడుస్తోందన్నది. నాకు ఏ ఏడుపూ వినపడలేదు. ఆ తర్వాత ఆమె గేటు దగ్గరికి కూడా రాలేదు. పదిహేనేళ్ళ పక్కిల్లు అది. నాకు చాలా బాధేసింది.

వెల్లకిలా పడుకుంటే కనపడేది పైకప్పు నాపరాళ్ళే. ఏ రాయికి ఏ మూల మచ్చ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ రాళ్ళకు పైన నా వంగ మొక్కలున్నాయి. ఆ ఎండల్లో రెండు రోజుల్లోనే మాడి ఉంటాయి. వాటి గురించి ఆలోచించడం మానేశాను. పొద్దున్నే కిటికీ పక్క గోడ మీంచి నీళ్ళు ధారగా కారేవి. సుబ్బులక్క ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు కట్టెయ్యడం లేదని నాకు ఒళ్ళు మండేది. వీధంతా నీళ్ళకు అల్లాడుతుంటే ఈమెకింత పొగరా అనుకునేదాన్ని. గట్టిగా అరుద్దామంటే వెన్ను ఒప్పుకునేది కాదు. మనుషులు రాని ఇంట్లో కోపం కూడా ఒక కాలక్షేపమే.

మందులు నన్ను ఊరికే వదల్లేదు. నోట్లో మంచినీళ్ళు పోసుకున్నా వాంతి అయ్యేది. ఒకరోజు అద్దంలో కళ్ళు పచ్చగా కనపడ్డాయి. ఎల్ఎఫ్టీ అనే లివర్ పరీక్ష చేయించి రిపోర్టు ఫోన్లో పంపితే డాక్టరు మాత్రలన్నీ ఆపెయ్యమన్నాడు. లివర్ దారిలో పడ్డాక ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెడదామన్నాడు. జబ్బు తినేస్తుంటే మందు ఆపి కూర్చోవడం ఎంత భయమో చెప్పలేను. ఆ ఆగిన రోజుల్లోనే, బాత్రూముకు వెళ్ళి వచ్చి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. అది ఎక్కడ జారిపోయిందో కాలికి తెలియలేదు.

తమ్ముడు కారులో గుంటూరు తీసుకెళ్ళాడు. డాక్టరు పాదాన్ని తన అరచేతికి ఆనించి, నెట్టమ్మా నెట్టు అన్నాడు. నెట్టాను. బలం ఉంది, నంబ్‌నెస్ ఒక్కటే, మందులు మళ్ళీ మొదలుపెట్టి చూద్దాం అన్నాడు. ఆపరేషన్ వాయిదా పడింది. తమ్ముడు మాత్రం బయటికి రాగానే తేల్చేశాడు.

"చాలక్కా. ఇంటికి తాళమేసి నాతో వచ్చెయ్. కాలు పడిపోతే నీకు గ్లాసుడు నీళ్ళిచ్చే దిక్కెవరు? ఎవరుండారు నీకు ఆడ?"

క్యారేజీ ఆయన ఉన్నాడని చెప్పలేను కదా. వాడు మంచికే అడిగాడు, అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది. చివరికి బేరం పెట్టాను. దీపావళి నాటికి నా కాళ్ళతో నేను మా మిద్దె ఎక్కగలిగితే నన్ను నా ఇంట్లో వదిలెయ్యాలి. ఎక్కలేకపోతే తాళం వాడి చేతికే ఇస్తాను.

మాత్రలు ఒక్కొక్కటే మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి ఒంటికి పట్టాయి. సాయంత్రం జ్వరం ఆగింది. మంచం నుంచి వాకిటికి, వాకిటి నుంచి గేటుకు నడక పెరిగింది. మెట్లు ఎక్కొచ్చు, బ్రేస్ కట్టుకుని, రెయిలింగ్ పట్టుకుని నిదానంగా అన్నాడు డాక్టరు. ఎడమ కాలు ఏ మెట్టు మీద పడుతోందో కళ్ళతో చూసుకుంటూ ఎక్కాలి. రెండుసార్లు సగం నుంచి దిగిపోయాను. పోటు మొదటిసారి వచ్చిన మెట్టు అదే మరి.

దీపావళికి ముందు రోజు పొద్దున్నే ఎక్కేశాను. పైన నిలబడి ఊపిరి తీసుకుని చూస్తే, అనుకున్నట్టే వరసలు వరసలుగా ఎండిన పుల్లలు, నెర్రెలిచ్చిన మట్టి. కానీ సుబ్బులక్క వైపు పిట్టగోడ వారగా ఉన్న కుండీలు పచ్చగా ఉన్నాయి. వంగ కాసింది. కరివేపాకు నా భుజం దాకా పెరిగింది. వాన అయితే అన్నిటి మీదా పడాలి కదా అని నేను చూస్తుండగానే, గోడ అవతల బక్కెట్టూ మగ్గూ పట్టుకుని సుబ్బులక్క వచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది.

"చెయ్యి అందినకాడికి పోసినాను అనసూయా," అన్నది. "ఆ పక్కవి ఎండిపోయినాయి. గోడ దాటి రావాలంటే భయమేసింది. ఇంట్లో పసిబిడ్డ ఉంది గదా."

"అది అంటుకునే రకం కాదక్కా. డాక్టరు చెప్పినాడు."

"నాకేం తెలుసు. తెలిసినా వచ్చేదాన్ని కాదేమో."

నీళ్ళెక్కడివని అడిగాను. ట్యాంకరు రాని రోజుల్లో బిడ్డకు స్నానం చేయించిన నీళ్ళు పట్టి పోసిందట. మగ్గు తప్పి సందులోకి పోయిన నీళ్ళే నా కిటికీ పక్క కారినవి. నేను పడుకుని ఆమెను తిట్టుకున్న నీళ్ళు అవి. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపే ముందు బయటపడింది. ఆమె గోడ అవతలే నిలబడి చూసింది, ఇవతలికి రాలేదు. కిందికి దిగి తమ్ముడికి ఫోన్ చేసి ఎక్కానని చెప్పాను. సరే అక్కా, మెట్ల దగ్గర జాగ్రత్త అన్నాడు వాడు.

ఇప్పుడు డిసెంబరు. ఇంకో నాలుగు నెలలు మాత్రలున్నాయి. బ్రేస్ ఒక పూట కట్టుకుంటే చాలన్నారు. ఒక పూట ఆఫీసుకూ వెళ్తున్నాను. ముందు గదికి రంగు పడలేదు. హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికితే కంభం పంపించి బాగు చేయించాను. అరగంట కూర్చోగలను కాబట్టి అరగంట సరిగమలు వాయిస్తాను. వినేవాళ్ళెవరూ లేరు, అది ఒకందుకు మంచిదే. సాయంత్రాలు మాత్రం ఇప్పటికీ పొడుగ్గానే ఉన్నాయి. సుబ్బులక్క ఇంకా మా గడప తొక్కలేదు. రోజూ గోడ దగ్గర మాట్లాడుతుంది.

మా వైపు వాళ్ళకు చెప్పేది ఒక్కటే. నడుంనొప్పితో పాటు సాయంత్రం జ్వరం, ఒళ్ళు తగ్గడం ఉంటే మన నీళ్ళంతే అని కూర్చోకండి, వెంటనే వెళ్ళి ఎక్స్‌రే తీయించుకోండి. ఒంటరిగా ఉండేవాళ్ళయితే మరీ.

వచ్చే ఏడాదికి పెద్దగా ఏమీ అనుకోలేదు. పోయిన ఆదివారం మనిషిని పిలిచి, ఎండిపోయిన కుండీల్లో మట్టి మార్పించి, కొత్త నారు పెట్టించాను. కుండీలన్నీ ఆ పిట్టగోడ వారకే జరిపించాను, సుబ్బులక్క చెయ్యి అందేటట్టు.